గిన్నెల మీద పేర్లు చదివిన మేడం

గుడివాడ బస్టాండులో బందరు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. మేడం తమ్ముడుగారు. "అమ్మా, అక్కయ్య తెల్లారుజామున పోయిందమ్మా. నిద్రలోనే వెళ్ళిపోయింది" అన్నారు. నేను ఆవిణ్ణి చూడడానికే బయలుదేరాను. వస్తున్నానని ముందురోజే ఫోన్‌లో చెప్పాను. "పళ్ళూ గిళ్ళూ మోసుకు రాకు, తినేవాళ్ళెవరూ లేరిక్కడ" అని కసిరారు కూడా. పక్కన బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. ఆవిడ ఉంటే కూర్చోనిచ్చేవారు కాదు. "బస్సులో ఎలాగూ కూర్చునేదేగా, ఇక్కడ నిలబడు" అనేవారు. నిలబడే ఏడ్చాను.

మేడం బందరులో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మేమంతా పీడీ మేడం అనేవాళ్ళం. గంజిపెట్టిన నేత చీర, దాని కింద తెల్ల కాన్వాసు బూట్లు. పెళ్ళికెళ్ళినా అవే బూట్లు. బ్యాంకులో క్యూలో ఎవరైనా ఒంటికాలి మీద వాలి నిలబడితే వెనకనుంచి "మోకాళ్ళు!" అని ఒక్క అరుపు అరిచేవారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఉలిక్కిపడి సర్దుకోవడం నేను చూశాను. మెచ్చుకోవడం మాత్రం ఆవిడకి రాదు. జిల్లా పోటీల్లో కప్పు తెచ్చినా "పర్లేదు" అనేవారు. ఆ పర్లేదు కోసం పిల్లలు ప్రాణం పెట్టి ఆడేవాళ్ళు.

నేను ఇంటర్ నుంచీ ఆ కాలేజీలోనే చదువుకున్నాను. ఇప్పుడు గుడివాడలో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. నాకు ఆటలు రావు. ఆవిడకి లెక్కలు రావు. మా ఇద్దరి స్నేహానికి పునాది అదే. రోల్డుగోల్డు గాజులకు మెరుగుపెట్టే మా నాన్న నన్ను ఇంటర్‌తో ఆపేద్దామనుకుంటున్నప్పుడు మా ఇంటికొచ్చి, ఆ కాన్వాసు బూట్లు గుమ్మం బయట విప్పి, చాప మీద కూర్చుని, "దీనికి పరిగెత్తడం రాదండీ, చదువు కూడా లేకపోతే ఎందుకూ పనికిరాదు" అని మా నాన్నని నవ్వించి ఒప్పించింది ఆవిడే. అలా పొగడ్తలాంటి తిట్టుతో నా డిగ్రీ మొదలైంది.

ఉద్యోగం చివరి ఏడాది కాలేజీ క్యాంపు పెట్టడానికి మేడం దివిసీమ వెళ్ళారు. హంసలదీవి వెళ్ళే దారిలో ఒక ఊరు. రోడ్డుకి ఒక పక్క చేపలవేట మీద బతికే పాలెం, రెండో పక్క వరిచేలున్న రైతుల వీధి. ఒకే ఊరైనా రెండు పక్కల ఆడవాళ్ళకీ చేపల బేరం దగ్గర తప్ప మాటలుండేవి కావు. తుఫాను షెల్టరు పక్కన కొంచెం ఖాళీ స్థలం ఉంటే మేడం అక్కడ రెండు సరుగుడు కర్రలు పాతించి, చిరిగిన వల ఒకటి కట్టి, రబ్బరు రింగు తెప్పించారు. రింగాట తెలుసుగా మీకు. వల మీదుగా రింగు విసరడం, అవతలివాళ్ళు కింద పడకుండా పట్టుకోవడం. స్కూల్లో ఆడని ఆడపిల్ల ఉండదు, పెళ్ళయ్యాక ఆడే ఆడమనిషి ఉండదు. మేడం ఆ రెండో రకంవాళ్ళనే పిలిచారు. కోడళ్ళని, ఇద్దరు పిల్లల తల్లుల్ని. సాయంత్రం దీపాలవేళకి ముందు ఒక గంట. మొదట ఎవరూ రాలేదు. తర్వాత కర్రల చుట్టూ చేరి నవ్వుకోవడానికి వచ్చారు. ఆ తర్వాత కొంగు బిగించారు.

క్యాంపు అయిపోయినా ఆట ఆగలేదు. ఆవిడ రిటైరయ్యేనాటికి ఆ ఊళ్ళో సాయంత్రం గంట ఆడవాళ్ళదని అందరికీ తెలిసిపోయింది. అప్పుడొచ్చింది చిక్కు. రొయ్యల కొనుగోలుదారు ఒకాయన ఆ స్థలంలో షెడ్డు వేస్తానని పంచాయతీని అడిగాడు. ప్రెసిడెంటుగారు మంచి మనిషే. మేడంని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి మరీ చెప్పాడు.

"ఆటలు మంచివేనండీ మేడంగారూ, కాదన్ను. కానీ షెడ్డొస్తే నలుగురికి పని దొరికిద్ది. ఆడాళ్ళు రింగాటాడితే ఊరికేమొచ్చిద్దో మీరే చెప్పండి. వచ్చే గ్రామసభలోపు చూపించండి, అప్పుడు చూద్దాం."

ఇంకొకరైతే ఆయన్ని తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. మేడం నాకు ఫోన్ చేసి, "అడగాల్సిందే అడిగాడే. ముప్ఫై ఏళ్ళుగా ఆటలు మంచివి మంచివి అని మైకుల్లో అరిచాను. ఎవరికి, ఎంత, ఎలాగా అని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఆట మంచిదని నాకు తెలుసు. నాకు తెలిసినంత మాత్రాన అది నిజమైపోదుగా. నువ్వు రా" అన్నారు.

వెళ్ళాను. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి దాటి, పులిగడ్డ వంతెన మీద కృష్ణ గాలి మొహాన కొట్టించుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళాను. ప్రశ్నలు నేనే తయారుచేశాను. ఆట మొదలయ్యాక మీ ఆరోగ్యం ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, ఇంట్లో గొడవలు తగ్గాయా, ఇరుగుపొరుగుతో స్నేహం పెరిగిందా. ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో కుర్చీ వేశారు, కొబ్బరిబోండం కొట్టారు, అడిగిన ప్రతిదానికీ "చాలా బాగుందండీ" అన్నారు. నా ఆనందానికి అంతులేదు. ఇంత చక్కటి ఫలితాలు పుస్తకాల్లో కూడా ఉండవు. రంగురంగుల పటాలు గీసి మేడం ముందు పరిచాను.

ఆవిడ చాలాసేపు చూశారు. తర్వాత పక్కనున్న జాబితాలో ఒక పేరు మీద వేలు పెట్టారు. "ఈవిడెవరే? రైతుల వీధిలో చివరింటావిడ కదూ? ఈవిడ ఆటకి ఒక్కరోజు కూడా రాలేదు. ఈవిడకి కూడా మోకాళ్ళ నొప్పులు తగ్గాయిటగా?"

నేను జాబితా మళ్ళీ చూశాను. అలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. రానివాళ్ళకి కూడా ఆట బ్రహ్మాండంగా పనిచేసింది.

"అమ్మాయ్, ఇది ఆట గురించిన సాక్ష్యం కాదు. మన కృష్ణాజిల్లావాళ్ళ మర్యాద గురించిన సాక్ష్యం. ఎండనపడి వచ్చిన ఇద్దరాడవాళ్ళని ఉసూరుమనిపించడం ఇష్టంలేక బాగుంది బాగుంది అన్నారు. ఇది పట్టుకెళ్ళి ప్రెసిడెంటుకి చూపిస్తే మనం అబద్ధమాడినట్టే. తీసెయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. సెలవులన్నీ ఆ ఎండల్లో తగలేశాను. ఎవరికీ అనుమానం రాదు, ఎవరూ అడగరు అని వాదించాను. "నాకు వచ్చింది కదే అనుమానం" అన్నారు. ఆ పటాలు ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉన్నాయి, రంగులు మాత్రం బాగా కుదిరాయి.

కోపం తగ్గాక మళ్ళీ వెళ్ళాను. ఏం అడగాలో ఇద్దరికీ తెలియదు. మధ్యాహ్నం పాలెంలో ఒక కోడలింట్లో భోజనానికి కూర్చోబెట్టారు. ఆ పిల్ల మట్టగిడస చేపల పులుసు వడ్డించి, ఒక స్టీలు గిన్నెలోంచి దోసకాయ పప్పు వేస్తోంది. మేడం ముద్ద కలపడం ఆపి ఆ గిన్నెని వెలుతురుకి తిప్పి చూశారు. అంచున చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. మనవైపు స్టీలు సామాను కొంటే కొట్లోనే పేరు కొట్టించుకోవడం మామూలేగా. గిన్నె మీది పేరు మాత్రం ఆ ఇంటివాళ్ళది కాదు.

"ఇదెవరిదమ్మా?"

ఆ పిల్ల జవాబు చెప్పేలోపు అరుగు మీదనుంచి వాళ్ళత్తగారు అందుకుంది. "ఆ వీధిలో రైతుల కోడలిదండీ. ఇద్దరూ ఒక పక్కనాడతారు. పప్పొచ్చింది, గిన్నె ఉండిపోయింది. మా మూతగిన్నెలు రెండు ఆ ఇంట్లోనే ఉన్నయ్యి. ఖాళీగా ఇయ్యగూడదని ఈవిడ, ఇయ్యగూడదని ఆవిడ. ఈ రింగాటొచ్చినకాణ్ణించి నా వంటింట్లో నా గిన్నెలు నాకు దొరకట్లా!"

మేడం నావైపు చూశారు. ఆవిడ కళ్ళు అంతగా మెరవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. చెయ్యి ఎండిపోతున్నా పట్టించుకోకుండా అడిగారు. "మర్యాద కోసం పరాయి గిన్నె తెచ్చి అల్మారాలో పెట్టుకోరు కదే?"

అక్కడినుంచి మా పని మారిపోయింది. ఆట ఊసే ఎత్తలేదు. గుమ్మంలో నిలబడి, "అమ్మా, మీ వంటింట్లో మీవి కాని గిన్నెలేమైనా ఉన్నాయా?" అని అడిగేవాళ్ళం. ఆ ప్రశ్న వినగానే ప్రతి ఇల్లాలూ నవ్వేది. ఏ జవాబు చెబితే మేం సంతోషిస్తామో తెలియదు కాబట్టి ఉన్నది చూపించేది. పేరు చదివి, ఆ పేరు ఏ పక్కదో గుర్తు పెట్టుకునేవాళ్ళం. చివర్లో ఎందుకు అడిగామో చెప్పేవాళ్ళం. వద్దన్నవాళ్ళ ఇల్లు వదిలేసేవాళ్ళం. భోజనాలూ టీలూ బంద్ అన్నారు మేడం. తిన్నామంటే మళ్ళీ మర్యాదలోకి దిగిపోతామని భయం. దివిసీమలో ఇంటికెళ్ళి తినకుండా రావడమంటే మాటలు కాదు. అదృష్టంకొద్దీ అప్పటికి రంజాను నెల మొదలైంది. నేను రోజా ఉన్నానంటే ఎవరూ బలవంతం చేసేవాళ్ళు కాదు. మేడం కూడా నా వెనక నిలబడి, "నాక్కూడా అంతేనమ్మా" అని తప్పించుకునేవారు. "నీ ఉపవాసం మన పరిశోధనకి బాగా కలిసొచ్చిందే" అని రోడ్డు మీద నవ్వేవారు. నిజంగానే ఆవిడా ఏమీ తినేవారు కాదు. నన్ను పక్కన పెట్టుకుని మంచినీళ్ళయినా తాగేవారు కాదు.

నా లెక్కల బుర్ర అప్పుడు పనికొచ్చింది. పెళ్ళిళ్ళప్పుడు గిన్నెలు ఊరంతా తిరుగుతాయి కాబట్టి ముహూర్తాలు లేని రోజుల్లో చూడాలన్నాను. ఆటవల్ల స్నేహం పెరిగిందో, స్నేహమున్నవాళ్ళే ఆటకొచ్చారో ఎలా తెలుస్తుందన్నాను. ఆటలేని ఊరు ఇంకోటి పోల్చి చూడాలన్నాను. మేడం దేనికీ విసుక్కోలేదు. కాలవ అవతల సరిగ్గా అలాంటిదే ఇంకో ఊరుంది, ఒక పక్క వేట, ఒక పక్క వరి. అక్కడా వంటిళ్ళు తిరిగాం. తిరిగొస్తూ మేడం మాత్రం ముభావంగా ఉన్నారు. "వాళ్ళ ఇళ్ళన్నీ గాలించాం. వాళ్ళకి మనం ఇచ్చిందేముందే? ఇక్కడ ఆట నిలబడితే అక్కడ కూడా కర్రలు పాతాలి" అన్నారు.

ఆ మధ్యలోనే తుఫాను హెచ్చరిక వచ్చింది. తుఫాను పక్కకు తప్పుకుంది గానీ జనం షెల్టరుకి చేరారు. ప్రెసిడెంటుగారు ఆ రోజు పనిమీద బెజవాడలో ఉన్నాడు. ఇంట్లో ఆయన తల్లి మంచంలో ఉంది. లేవదీసే దిక్కులేక ప్రెసిడెంటుగారి కోడలు ఫోన్ చేస్తే, పాలెంనుంచి తనతో రింగాటాడే ముగ్గురు వచ్చి ముసలావిణ్ణి మంచంతో సహా మోసుకెళ్ళారు. నేను ఎగిరి గంతేశాను. సభలో ఇదొక్కటి చెబితే చాలన్నాను. మేడం తల అడ్డంగా ఊపారు.

"ఒక్క ఇంటి సంగతి సాక్ష్యం కాదు. పైగా నలుగురిలో ఆయన తల్లి పేరెత్తి ఆయన్ని ఇరుకున పెడితే, ఒప్పుకున్నది ఆటకి కాదు, మొహమాటానికి. ఆ మాట నేనెత్తను. నువ్వూ ఎత్తకు."

గ్రామసభ రోజు స్కూలు వరండా నిండిపోయింది. షెడ్డు కావాలన్నవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. పని కావాల్సినవాళ్ళు వాళ్ళు, తప్పు పట్టడానికి లేదు. ఆడవాళ్ళు వెనక గోడకానుకుని నిలబడ్డారు. ఆ గంట పోతే వాళ్ళకి రోజులో ఇంకో గంట లేదు, ఆ సంగతి వాళ్ళ మొహాల్లో తెలుస్తోంది. మేడం లేచి, మాకు దొరకనివన్నీ ముందు చెప్పడం మొదలుపెట్టారు. ఆటవల్ల మగాళ్ళ తాగుడు తగ్గలేదండీ. పిల్లల మార్కులు పెరిగినట్టు కనిపించలేదండీ. ఆస్పత్రి ఖర్చు తగ్గిందని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదండీ. నేను పక్కనుంచి ఆవిడ కొంగు లాగాను. ఆవిడ కొంగు విడిపించుకున్నారు. "ఓడినవి కూడా స్కోరుబోర్డు మీద రాయాలి" అని కాలేజీలో అనేవారు, నాకు ఆ క్షణంలో ఆ మాట మీద చెప్పలేనంత మంట వచ్చింది.

ప్రెసిడెంటుగారు ఆశ్చర్యపోయాడు. "అయితే మీరు ఓడిపోయినట్టేగా మేడంగారూ?"

"వీటిల్లో ఓడిపోయామండీ. ఇప్పుడు దొరికింది చెప్తాను" అని గిన్నెల సంగతి చెప్పారు. ఆడే ఇళ్ళలో రోడ్డు అవతలి పేర్లున్న గిన్నెలు కనిపిస్తున్నాయని, ఆడని ఇళ్ళలో చాలా తక్కువని, కాలవ అవతలి ఊళ్ళో దాదాపు లేవని. ఇంతకంటే ఎక్కువ చెప్పనని కూడా అన్నారు. సభ గొల్లుమంది. వెనకనుంచి "నా ఇడ్లీ గిన్నె ఎవరింట్లో ఉందో అది కూడా చెప్పండి మేడంగారూ" అని ఎవరో అన్నారు. అంతా నవ్వులు.

ప్రెసిడెంటుగారు నవ్వలేదు. "గిన్నెలు అటూ ఇటూ తిరిగితే ఊరికేమొచ్చిద్దండీ?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

మేడం చెప్పాల్సింది అయిపోయినట్టు కూర్చున్నారు. నా నాలుక చివర ఆయన తల్లి మాట ఉంది, పళ్ళు బిగబట్టుకున్నాను. ఆ సంగతి ఆ వరండాలో అంతమందికీ తెలుసు. ఆయన తలెత్తి వెనక గోడవైపు చూశాడు.

"మొన్న మా అమ్మని మంచంతో మోసుకెళ్ళింది మీరేగదమ్మా. మీకెవరు చెప్పారు మా ఇంట్లో మగాళ్ళు లేరని?"

"మీ కోడలే ఫోన్ చేసిందండీ" అంది గోడ దగ్గరి ఒకామె. "మా జట్టేగా."

ఆయన తీర్మానాల పుస్తకం తెప్పించాడు. షెడ్డు కాలవగట్టు పక్కన పోరంబోకులో వేసుకోమని తీర్మానమైంది. పని కావాల్సినవాళ్ళకి పని దొరికింది, ఆట ఉన్నచోటే ఉంది. బస్సులో నేను ఆనందంతో ఏదేదో వాగుతుంటే మేడం కిటికీలోంచి చేలు చూస్తూ, "నీ లెక్కలు పర్లేదు" అన్నారు. నేను డాక్టరేటు తీసుకున్నప్పుడు కూడా అంత పొంగిపోలేదు.

ఆ తర్వాత ఆవిడ ఆరోగ్యం దెబ్బతింది. కాలవ అవతలి ఊళ్ళో కర్రలు పాతడం కుదరలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేవారు. కాలేజీ, పరీక్షలు, వాల్యుయేషన్ అని నేను చెబుతుండేదాన్ని. వినేవారు. కోప్పడేవారు కాదు. నన్ను చదివించిన మనిషి, అబద్ధం రాయకుండా ఆపిన మనిషి, నన్ను అడిగిన ఒక్క పని చూడకుండానే పోయారు. ఆ బాధ నాకు ఇప్పట్లో తీరదు.

పెద్దకర్మ అయిన మర్నాడు కాలవ అవతలికి వెళ్ళాను. మేడం పోయారని వాళ్ళకి చెప్పాలి, కర్రలు ఎక్కడ పాతాలో చూసి రావాలి. సాయంత్రమైంది. స్కూలు వెనకనుంచి ఆడవాళ్ళ కేకలు వినిపిస్తే ఏదో గొడవనుకుని పరిగెత్తాను, నాకు చేతనైనట్టు.

రెండు పడవ తెడ్లు నిలబెట్టి వాటికి వల కట్టారు. చుట్టూ గీతలు ముగ్గుపిండితో గీశారు, మూలల్లో అలవాటుకొద్దీ చిన్న చిన్న పూలు కూడా వేశారు. మేడం ఆట మొదలుపెట్టిన ఊరి ఆడవాళ్ళు ముగ్గురు రింగు పట్టుకుని ఆటోలో వచ్చి నేర్పుతున్నారు. మేం అప్పట్లో వంటిల్లు చూసిన ఒకావిడ నన్ను గుర్తుపట్టి వచ్చింది.

"మేడంగారు మా ఇంట్లో గిన్నెలు చూసి, మొహం చిన్నబుచ్చుకుని ఎల్లిపోయారండీ. ఎందుకా అని ఆరా తీశాం. ఆళ్ళకున్నది మనకి లేకపోవడమేంటని మేమే మొదలెట్టాం. మేడంగారు కూడా వచ్చారా?"

చెప్పాను. ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఆట ఆగింది. తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకుని గీత లోపలికి లాక్కుపోయింది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు.

ఒక్క సాయంత్రం చూసింది సాక్ష్యం కాదు. ముందు ఎలా ఉందో కొలవలేదు, దేంతోనూ పోల్చలేదు, చూసినమనిషి ఏడుస్తోంది. మేడం చచ్చినా ఒప్పుకోరు. అందుకని ఏమీ నిరూపించడం లేదు, చూసింది చెబుతున్నాను. వలకి ఇటు మేం ఇద్దరం, అటు ఇద్దరు. ఎవరో "ఇదిగోండి టీచరుగారూ" అని అరిచారు. రింగు పైకి లేచింది. నేను రెండు చేతులూ చాచి, మోకాళ్ళు వంచి, గాలికి చెదిరిపోతున్న ముగ్గు మీద నిలబడ్డాను.